ఈస్టర్ గుడ్లకు న్యాయమైన చాక్లెట్: హనుమకొండలో ఈ ఏడాది పని ఎంతవరకు వచ్చింది

ఫిబ్రవరి, భస్మ బుధవారం వారం

ఈసారి, 2026లో, ఈస్టర్ ఏప్రిల్ 5న. మా సండే స్కూల్ పిల్లలకు చాక్లెట్ గుడ్లు నేనే ఇంట్లో పోసి ఇస్తానని సంఘంలో ఒప్పుకున్నాను. అచ్చుల్లో చాక్లెట్ పోయడం నాకు కొత్త కాదు. పుట్టినరోజులకూ క్రిస్మస్‌కూ చేస్తూనే ఉంటాను. ఈసారి మాత్రం ఒక నియమం పెట్టుకున్నాను. కోకో పండించిన రైతుకు గిట్టుబాటు ధర అందిందని, ఆ తోటలో పిల్లలతో పని చేయించలేదని నాకు తెలిస్తేనే ఆ చాక్లెట్ కొంటాను.

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాల నుంచే వస్తుంది. ఆ రెండు దేశాల కోకో తోటల్లో దాదాపు 15.6 లక్షల మంది బాల కార్మికులు ఉన్నారని షికాగో యూనివర్సిటీకి చెందిన ఎన్‌ఓఆర్‌సీ సంస్థ 2020లో లెక్క తేల్చింది. ఈ పరిస్థితి మారుస్తామని పెద్ద చాక్లెట్ కంపెనీలు 2001లోనే హార్కిన్–ఎంగెల్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. మా క్లాసులో చాలామందికి ఎనిమిది, తొమ్మిదేళ్లు. అదే వయసు పిల్లలు కత్తి పట్టుకుని కాయలు కొడితే వచ్చిన చాక్లెట్‌ను పునరుత్థాన పండుగ రోజున వీళ్ల చేతుల్లో పెట్టడానికి నాకు మనసొప్పదు.

ముందు ఊళ్లోనే వెతికాను. హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట వైపు సూపర్ మార్కెట్లు, వరంగల్‌లో బేకరీ సామాన్లు అమ్మే షాపులు తిరిగాను. రైతుకు న్యాయమైన ధర దక్కిందని చెప్పే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్నది ఒక్కటీ కనబడలేదు. బేకరీ షాపుల్లో స్లాబులు గుట్టలుగా ఉంటాయి, చవక కూడా. కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల్లో ‘హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’ అని ముందువరసలో ఉంటే అది కాంపౌండ్. కోకో బటర్ ఉండాల్సిన చోట పామ్ కెర్నెల్ లాంటి నూనెల కొవ్వు ఉంటుంది, రుచికి కొంత కోకో పౌడర్ కలుపుతారు. ఎండకు కాస్త ఆగుతుంది, టెంపరింగ్ (కరిగించిన చాక్లెట్‌ను కొలిచిన వేడికి తెచ్చి, మెరుస్తూ గట్టిపడేలా చేయడం) అక్కర్లేదు కాబట్టి బేకరీల్లో ఎక్కువగా అదే నడుస్తుంది. అసలు చాక్లెట్‌లో అయితే కోకో సాలిడ్స్, కోకో బటర్, పంచదార కనిపించాలి.

“అందరూ ఇదే తీస్కపోతరు మేడమ్. ఎవరు పండించిన్రో మాకెట్ల తెలుస్తది?” అన్నాడు షాపతను. మంచి మనిషి, ఉన్నమాటే చెప్పాడు. ఆయన దాకా వచ్చేసరికి ఆ సరుకు ఎన్ని చేతులు మారిందో ఆయనకూ తెలియదు.

ఫిబ్రవరి నెలాఖరు

ముద్రల సంగతి కూర్చుని చదివాను. ఆన్‌లైన్‌లో విదేశీ బార్లు కొనేవాళ్లకు పనికొస్తుంది.

ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉందంటే రైతుల సంఘానికి ఒక కనీస ధర, దానిపైన విడిగా ప్రీమియం దక్కాలి. 2019 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మామూలు కోకోకు కనీస ధర టన్నుకు 2,400 డాలర్లు, ప్రీమియం 240 డాలర్లు. మార్కెట్ ధర అంతకన్నా ఎక్కువుంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. 2024 డిసెంబర్‌లో ప్రపంచ ధర టన్నుకు 12,000 డాలర్లు దాటినప్పుడు ఈ కనీస ధరతో ఎవరికీ పని పడలేదు. మరుసటి ఏడాదే ధర సగానికి పడిపోయింది. ఇలా కూలిపోయే పంటకు కింద ఒక హద్దు ఉండటం రైతుకు ఎంత ధైర్యమో పత్తి, మిర్చి వేసే మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఫెయిర్‌ట్రేడ్‌లోనే నల్ల పలక మీది ముద్రకూ తెల్ల పలక మీది ముద్రకూ తేడా ఉంది. తెల్లదాని మీద ‘కోకో’ అని రాసి ఉంటే ఆ ఒక్క పదార్థానికే హామీ. ముద్ర పక్కన చిన్న బాణం ఉంటే ప్యాకెట్ వెనక వివరం చదవాలి. అలాంటప్పుడు ఫ్యాక్టరీలో ఫెయిర్‌ట్రేడ్ గింజలు, మామూలు గింజలు కలిసిపోయి ఉండొచ్చు. ఎంత బరువు గింజలు ఫెయిర్‌ట్రేడ్ లెక్కన కొన్నారో అంతకు సరిపడా సరుకు మీదే ముద్ర వేస్తారు. దాన్ని నేను మోసం అనను. రైతుకు డబ్బు అందుతుంది. కాకపోతే మన చేతిలోని ముక్క ఆ రైతు గింజే అయి ఉండాలని లేదు. కప్ప బొమ్మ ఉన్న రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్ర వేరు. దానికీ బాల కార్మికుల మీద, అడవి మీద నియమాలున్నాయి గానీ ఫెయిర్‌ట్రేడ్‌లో లాగా కోకోకు కనీస ధర కట్టి ఉండదు. కంపెనీలు సొంతంగా నడిపే పథకాలు ఇంకో రకం. ఇంగ్లండ్‌లో క్యాడ్‌బరీ డైరీ మిల్క్ 2009లో ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వేసుకుంది. 2016లో కంపెనీ తన సొంత కోకో లైఫ్ పథకంలోకి మారిపోయింది.

ఇదంతా చదివాక నా దారి తేలికైంది. బయటి దేశం నుంచి ఓడెక్కి, ఎండలో వ్యాన్లో ఊగి వచ్చే ఖరీదైన బార్ కన్నా, రైతు ఎవరో చెప్పగలిగే దగ్గరి చాక్లెట్ నాకు నయం. ముద్ర లేకపోయినా పర్వాలేదు. ఎవరికి ఎంత ఇచ్చారన్న ప్రశ్నకు సూటిగా జవాబు రావాలి.

మార్చి మొదటి వారం

మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతర పంటగా వేస్తారు. తెలంగాణలోనూ అశ్వారావుపేట, దమ్మపేట వైపు కొందరికి ఉంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023లో మొదలైన మనం చాక్లెట్ వాళ్లు గోదావరి రైతుల దగ్గర కొని, తడికలపూడిలో తామే గింజలు పులియబెడతారు. ఆరోవిల్ దగ్గర మేసన్ అండ్ కో, కొచ్చిలో పాల్ అండ్ మైక్ లాంటివాళ్లు కూడా దేశీ గింజలతోనే చేస్తున్నారు. ఇలాంటి బార్లు 60, 70 గ్రాములకే దాదాపు రూ.250 నుంచి 400 దాకా ఉంటాయి. గుడ్లన్నీ వాటితో పోయడం నా బడ్జెట్‌కు కుదరదు.

ధర అందుబాటులో కావాలంటే క్యాంప్కో ఉంది. కర్ణాటక, కేరళ వక్క రైతులు 1973లో పెట్టుకున్న సహకార సంఘం అది, తర్వాత కోకో కూడా చేపట్టింది. కర్ణాటకలోని పుత్తూరులో 1986 నుంచి సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు. రైతులే యజమానులు. ఈ మాట మన దగ్గర చాలామందికి తెలియదు, తెలియాలి. అమూల్ డార్క్ కూడా సహకార సంఘానిదే కానీ అది పాడి రైతుల సంఘం, కోకో రైతులది కాదు. ఆ తేడా గుర్తుంచుకుని కొనండి.

తయారీదారులకు మూడు ప్రశ్నలు రాసి పంపాను: గింజలు ఏ ఊరివి, కిలోకు రైతుకు ఎంత ఇచ్చారు, కోతలో, కాయ కొట్టడంలో ఎవరు పనిచేస్తారు. ఊరి పేరు అందరూ చెప్పారు. ధర అడిగితే కొందరు దాటేశారు. మార్కెట్ రేటు మీద ఎంత అదనంగా ఇస్తారో అంకెతో సహా చెప్పినవాళ్ల దగ్గరే ఆర్డర్ పెట్టాను. సోమవారం పెట్టండి, శని, ఆదివారాలు పార్సిల్ గోదాములో మగ్గకుండా ఉంటుంది. మార్చి పదిహేను దాటాక కొరియర్‌ను నమ్ముకోకుండా హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్ల చేతికి ఐస్ బాక్సు ఇచ్చి తెప్పించుకోవడం మంచిది. మూడు గంటల ప్రయాణమేగా.

మార్చి, మట్టల ఆదివారానికి ముందు

నాతో పనిచేసే ఆవిడ చిన్నాయనకు దమ్మపేట దగ్గర పామాయిల్ తోట ఉంది, మధ్యలో కోకో. ఆయన దగ్గర కొంచెం ఎండు గింజలు తీసుకున్నాను. “ఏం చేసుకుంటావమ్మా వీటితో? మేం పండించడమే గాని ఎప్పుడూ తినలేదు” అన్నారాయన. 2024 ఎండాకాలంలో కిలో వెయ్యి రూపాయల దాకా పోయిన గింజ, మరుసటి ఏడాది అందులో సగం కూడా పలకలేదట. ఏలూరులో రైతులు ధర్నాకు దిగింది అప్పుడే. ఆ వారం డీలర్ రేటు ఎంతో ఆయన్నే అడిగి, దానిమీద కిలోకు నూట యాభై కలిపి ఇచ్చాను. వద్దన్నారు. “బాగా పులియబెట్టిన గింజలకు ఇది కూలి, బాబాయ్” అంటే తీసుకున్నారు.

గింజ మంచిదో కాదో కోసి చూడాలి. పదునైన కత్తితో నిలువుగా రెండు బద్దలు చేస్తే లోపల గోధుమ రంగు, మెదడు మడతల్లాంటి పగుళ్లు కనబడాలి. ఊదా రంగులో గట్టిగా, పలకలా ఉంటే సరిగ్గా పులియలేదు, చేదుగా, వగరుగా వస్తుంది. వెనిగర్ వాసన కొంచెం ఉంటే భయం లేదు, వేపుడులో పోతుంది. ఈయన గింజల్లో ఎక్కువ శాతం గోధుమ రంగే. పులియబెట్టినా పెట్టకపోయినా డీలర్ ఒకటే రేటు ఇస్తే ఏ రైతు అయినా ఐదారు రోజులు ఆ శ్రమ ఎందుకు పడతాడు? నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు వేయించి, చల్లారాక అప్పడాల కర్రతో నలిపి, మేడ మీద చేటలో చెరిగాను. పొట్టు గాలికి పోతుంది, పలుకులు మిగులుతాయి. మా అత్తమ్మ ఆ చేట నా చేతిలోంచి తీసుకుని నాకన్నా శుభ్రంగా చెరిగింది. కిలో గింజలకు సుమారు ముప్పావు కిలో పలుకులు వస్తాయి. మిక్సీలో ఒక చుట్టు తిప్పి, తర్వాత టేబుల్ టాప్ గ్రైండర్‌లో వేశాను. చాలా దేశాల్లో ఇంటి దగ్గర చాక్లెట్ చేసేవాళ్లు వాడేది మన కోయంబత్తూరు రాతి గ్రైండర్ల లాంటివే. మామూలు ఇడ్లీ గ్రైండర్ గంటల తరబడి తిరగడానికి చేసింది కాదు. మోటారు వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ వేయాలి. పలుకులు 70 పాళ్లు, పొడి పంచదార 30 పాళ్లు. నీటి చుక్క తగలకూడదు. తగిలితే మొత్తం గడ్డకట్టుకుపోతుంది. నాలుకకు ఇంకా కాస్త గరుకు తగులుతోంది, అయినా రుచి గొప్పగా ఉంది. ఎండు ద్రాక్ష పులుపు లాంటిది చివర్లో వస్తుంది.

పెద్ద గుడ్లకు కొన్న చాక్లెట్, చిన్నవాటికి దమ్మపేటది అని నిర్ణయించాను.

పరిశుద్ధ వారం

బయట నలభైకి దగ్గరగా ఉంది. చాక్లెట్ 34 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి పనంతా తెల్లవారుజామున, ఏసీ 21లో పెట్టిన గదిలో. థర్మామీటర్ లేకుండా డార్క్ చాక్లెట్ జోలికి పోవద్దు. టెంపరింగ్‌కు చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు డబుల్ బాయిలర్ (వేడినీళ్ల గిన్నె మీద పెట్టిన గిన్నె) మీద 46 డిగ్రీలకు కరిగించి దించాలి. మిగతా వంతు సన్నగా తరిగి అందులో వేసి కలుపుతూ 31, 32కి తీసుకురావాలి. మిల్క్ చాక్లెట్ అయితే 29, 30. చెంచా కొస ముంచి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. చారలు పడితే మళ్లీ వేడి చేయాల్సిందే.

పాలికార్బనేట్ అచ్చులను దూదితో తుడిచి, చాక్లెట్ నింపి, తట్టి బుడగలు తీసి, బోర్లించి వంపేయాలి. ఫ్రిజ్‌లో పావుగంట. ఇలా రెండు పూతలు వేస్తేనే పెంకు పిల్లల చేతుల్లో నిలబడుతుంది. రెండు సగాలనూ గోరువెచ్చని పళ్లెం మీద ఒక్క క్షణం ఆనించి అతికించాలి. గుడ్లు గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్ కింది అరలో ఉంచాను. బయటికి తీసినప్పుడు చల్లదనం పోయేదాకా డబ్బా మూత తీయకండి. తేమ పడితే పైన పంచదార తేలి తెల్లబడుతుంది.

ఈస్టర్ తర్వాత

తెల్లవారుజామున సమాధుల దగ్గర పూలు, కొవ్వొత్తులు, తర్వాత ఆరాధన. అది అయ్యాకే గుడ్లు పంచాం. ఐస్ బాక్సులో తీసుకెళ్లినవి ఒక్కటీ కరగలేదు. ప్రతి గుడ్డుకూ చిన్న చీటీ కట్టాను: ఏ ఊరి కోకో, రైతుకు కిలోకు ఎంత ముట్టింది. పిల్లలు చీటీలు పోల్చుకుని దమ్మపేట ఎక్కడుందని అడిగారు. పాస్టర్ అయ్యగారు ఆ చీటీని వేదిక మీద నుంచి అందరికీ చదివి వినిపించారు.

వచ్చే ఏడాది ఈస్టర్ ఇంకా ముందు, మార్చి 28నే. ఆర్డర్లు జనవరిలోనే పెడతాను. క్యాంప్కో చాక్లెట్ సంఘం తరఫున పెట్టెల లెక్కన తెప్పిస్తే ఎంత పడుతుందో కనుక్కుంటున్నాను. మిగిలిన పలుకులు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఈ ఎండలు తగ్గాక దమ్మపేట వెళ్లి, చెక్క పెట్టెలో గింజలు పులియబెట్టడం దగ్గరుండి చూడాలి. బాబాయ్ రమ్మన్నారు.