వరంగల్ ఎండల్లో చవక కంప్యూటర్ కేబినెట్‌కు గాలి ఆడాలంటే

మేలో గది వేడే 38 డిగ్రీలుంటే, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సీపీయూ (ప్రాసెసర్ చిప్) అంతకంటే చల్లబడదు. లోపలి వేడిని త్వరగా బయటికి పంపడమే మన పని.

ముందు 120 ఎంఎం ఫ్యాన్లు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. ఇది చాలు. మోటారును పట్టుకున్న కాడలు కనిపించే వైపుకే గాలి వెళ్తుంది, తిరగేసి బిగించకండి. మూడు పిన్నుల ఫ్యాన్‌కు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) డీసీ మోడ్, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి, పెట్టాలి, లేకుంటే ఎప్పుడూ ఫుల్ స్పీడే.

ముందు మూసుకుపోయిన అద్దం పలక ఉంటే కొత్త ఫ్యాన్ దండగ! పలక తీసి పావుగంట గేమ్ నడిపి చూడండి. 5 డిగ్రీలకు మించి తగ్గితే లోపం పలకదే.

ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్లో దూది నలుసులు ఫ్యాన్ ముందున్న దుమ్ము జాలీని కమ్మేస్తాయి. నెలకోసారి బ్రష్‌తో దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి; గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.