2147483647: ఈ ప్రధాన సంఖ్యతో పని చేసేటప్పుడు

31 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. ఇలా 2 ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు, వాటిలో ఇది ఎనిమిదోది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చూపించాడు.

దీని వర్గమూలం 46340 దాటి కొంచెం. అక్కడివరకూ అన్నిటితో భాగించి చూడక్కర్లేదు. దీనికి కారణాంకమంటూ ఉంటే అది 62తో భాగిస్తే 1, 8తో భాగిస్తే 1 లేదా 7 శేషం ఇవ్వాలి. అంటే 248క+1 లేదా 248క+63 రూపం. అలాంటివి 373 మాత్రమే, వాటిలోనూ ప్రధాన సంఖ్యలు చాలు. ఎంత అందమైన జల్లెడ!

మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చే లూకా-లేమర్ పరీక్ష ఇంకా వేగం. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. సరిగ్గా 29 సార్లు చేస్తే సున్నా రావాలి. 30 సార్లు చేస్తే మైనస్ 2 వస్తుంది, పరీక్ష తప్పినట్టు కనిపిస్తుంది.

శేషానికి భాగహారమే అక్కర్లేదు: సంఖ్యను బైనరీలో రాసి, కింది 31 బిట్లకు (అంకెలకు) పై బిట్లను కూడితే చాలు, మొత్తం ఇంకా పెద్దదైతే మళ్లీ కూడాలి. చివర 2147483647 మిగిలితే దాన్ని సున్నాగా మార్చడం చాలామంది మరిచిపోతారు.

యాదృచ్ఛిక సంఖ్యల కోసం 16807తో పదేపదే గుణించి, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించిన శేషం ఉంచుకుంటే, సున్నా తప్ప ఏ విత్తనంతోనైనా (మొదలుపెట్టే సంఖ్యతోనైనా) 2147483646 అడుగుల తర్వాతే చక్రం తిరిగొస్తుంది. లబ్ధానికి 64 బిట్లు కేటాయించండి, 32లో పట్టదు. విత్తనం 1 అయితే 10000వ విలువ 1043618065 రావాలి.