అడిగే ఆర్‌ఎంకి వేరే పేరు పెట్టుకోండి

నెల్లూరులో సాయంత్రం పూట నా దగ్గర లైనక్స్ నేర్చుకునే పిల్లల చేత ముందు "టైప్ ఆర్‌ఎం" అని కొట్టిస్తాను. ఆర్‌ఎం అంటే ఫైళ్లు చెరిపే కమాండ్, టైప్ అంటే ఒక కమాండ్ వెనక అసలేముందో చెప్పేది. సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్‌లో రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా ఉంటే, అక్కడ ఆర్‌ఎం అంటే 'ఆర్‌ఎం -ఐ' అని బయటపడుతుంది, అంటే ప్రతి ఫైలూ తీసేముందు అడుగుతుందన్నమాట. కాపీ చేసే సీపీ, ఫైళ్లు జరిపే ఎంవీలదీ అదే కథ. రూట్ హోమ్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో ఆ మూడు ఏలియాస్‌లూ, అంటే ఒక పేరు కొడితే వేరే కమాండ్ నడిపే లైన్లు, ఆ లైనక్స్ తయారుచేసే డిస్ట్రో వాళ్లే పెట్టి ఇస్తారు.

మంచికే పెట్టారు, కాదనను. కానీ కావలి నుంచి వచ్చే ఒక కుర్రాడు మొదట్నుంచీ ల్యాబ్‌లో రూట్‌గానే పనిచేసి, ఎలాగూ అడుగుతుందిలే అన్న ధైర్యంతో ఉబుంటు అనే ఇంకో లైనక్స్‌లో లాగ్ ఫైళ్ల మీద ఆర్‌ఎం కొట్టాడు, అన్నీ పోయాయి. "ఏందన్నా, అడగనే లేదే!" అన్నాడు. ఉబుంటులో ఆ ఏలియాస్ లేదు మరి. డెబియన్ అనే మరో లైనక్స్ వాళ్లు రూట్ ఫైల్లో ఆ లైన్లు రాసి, ముందు హ్యాష్ (#) పెట్టి పనిచేయకుండా ఆపేసి ఇస్తారు, కావాల్సినవాళ్లు ఆ హ్యాష్ తీసేసుకోవచ్చు. నాకు ఈ పద్ధతే సరైందనిపిస్తుంది.

అడిగే చోట కూడా పెద్ద రక్షణేం లేదు. 50 ఫైళ్లకి వై, వై, వై అని కొట్టి విసుగెత్తి ఎవరైనా అడగొద్దని చెప్పే -ఎఫ్ కలిపేస్తారు, ఆర్‌ఎంలో చివర ఇచ్చిందే చెల్లుతుంది కాబట్టి -ఐ ఉన్నా లేనట్టే. సీపీలో మళ్లీ అలా కాదు, -ఎఫ్ ఇచ్చినా అడుగుతూనే ఉంటుంది, అది వద్దంటే కమాండ్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. పైగా బ్యాష్ స్క్రిప్టుల్లో, అంటే కమాండ్లు ముందే రాసిపెట్టుకున్న ఫైళ్లలో, మామూలుగా ఏలియాస్‌లు పనిచేయవు, కాబట్టి టెర్మినల్‌లో అడిగిన కమాండే రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు తనంతట తానే నడిపేది) అడక్కుండా చెరిపేస్తుంది.

ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌కి రంగులు, ఎల్‌ఎల్ లాంటి ఏలియాస్‌లతో నాకు పేచీ లేదు. ఉబుంటు ఎల్‌ఎల్‌లో దాచిన ఫైళ్లు కూడా కనిపిస్తాయి, సెంట్‌ఓఎస్‌కి మూలమైన రెడ్ హ్యాట్‌లో కనిపించవు, అయినా దానివల్ల ఎవరి డేటా పోదు.

అడిగే ఆర్‌ఎం కావాలంటే వేరే పేరుతో మీ సొంత ఫైల్లో రాసుకోండి. చిన్న ఐ బదులు పెద్ద ఐ వాడండి, మూడుకి మించి ఫైళ్లుంటే ఒక్కసారే అడుగుతుంది. కొత్త సర్వర్లో ఆ పేరు ఉండదు, "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది, ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.