ఒకే కనెక్షన్, పలు థ్రెడ్‌లు: డాక్యుమెంటేషన్ రాసిన అనుభవం

మా పైథాన్ ప్రోగ్రామ్ ధరల పట్టికను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ లైబ్రరీతో మెమరీలోనే ఉంచుతుంది. మెమరీ డేటాబేస్‌కు మామూలుగా రెండో కనెక్షన్ తెరిస్తే కొత్త, ఖాళీ డేటాబేస్ వస్తుంది. అందుకే థ్రెడ్‌లన్నీ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి సాగే పనుల వరుసలు) ఒకే కనెక్షన్‌ను పంచుకుంటాయి. ఇది థ్రెడ్ సేఫ్ (పలు థ్రెడ్‌లు ఒకేసారి వాడినా చెడిపోనిది) అవునా కాదా అని కొత్తగా చేరినవారంతా అడుగుతుండేవారు. జవాబు రాసిపెట్టే పని నేను తీసుకున్నాను.

ముందుగా పైథాన్ డేటాబేస్ ప్రమాణం పెప్ 249 తీశాను. దాని ప్రకారం ప్రతి మాడ్యూలూ థ్రెడ్‌సేఫ్టీ స్థాయిని అంకెలో ప్రకటించాలి. 1 అయితే థ్రెడ్‌లు మాడ్యూల్‌ను పంచుకోవచ్చు గానీ కనెక్షన్‌ను పంచుకోకూడదు. 2 అయితే కనెక్షన్‌నూ, 3 అయితే కర్సర్‌లనూ (క్వెరీని నడిపి ఫలితాలను అందించేవి) పంచుకోవచ్చు. పైథాన్ 3.11కు ముందు ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్ ఎప్పుడూ 1 అనే చెప్పేది. ఇప్పుడు ఎస్‌క్యూలైట్ లైబ్రరీని ఎలా కంపైల్ చేశారో చూసి చెబుతుంది. మా సర్వర్‌లో 3 వచ్చింది, అంటే కాల్స్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా నడిపే సీరియలైజ్డ్ పద్ధతి.

ఆ 3 చూసి ‘సేఫ్’ అని రాసేస్తే చదివినవారు మోసపోతారు. అది చూపించడానికి చిన్న పరీక్ష రాశాను. చెక్_సేమ్_థ్రెడ్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేశాను, లేకపోతే రెండో థ్రెడ్ కనెక్షన్‌ను తాకగానే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. మొదటి థ్రెడ్ ఒక ధరను చేర్చి, కమిట్‌కు (మార్పులను ఖాయం చేయడానికి) ముందు కాసేపు ఆగుతుంది. ఈలోగా రెండో థ్రెడ్ తన పనిలో లోపం కనబడి రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే కమిట్ కాని మార్పులను రద్దు చేస్తుంది. తర్వాత మొదటిది కమిట్ చేస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. పట్టికలో ఆ ధర మాత్రం ఉండదు!

ట్రాన్సాక్షన్ (కమిట్ లేదా రోల్‌బ్యాక్‌తో ముగిసే మార్పుల గుంపు) కనెక్షన్‌కు చెందినది, థ్రెడ్‌కు కాదు. లైబ్రరీలోని మ్యూటెక్స్‌లు (ఒకసారికి ఒక థ్రెడ్‌నే అనుమతించే తాళాలు) ఏ కాల్‌కు ఆ కాల్‌ను కాపాడతాయి. రెండు కాల్స్ నడుమ ఏం జరిగినా వాటికి పట్టదు. నా దృష్టిలో డాక్యుమెంటేషన్ మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే, దాన్ని మొదటి పేరాలోనే పెట్టాను.

‘థ్రెడ్ సేఫ్’ అనే మాట ఎక్కడా వాడలేదు. డేటాబేస్‌లో మొదటి మార్పు నుంచి కమిట్ లేదా రోల్‌బ్యాక్ ముగిసేదాకా మా ప్రోగ్రామ్‌లోని లాక్ వదలకూడదని, చదివేటప్పుడు కూడా అదే లాక్ తీసుకోవాలని రాశాను. చదవడానికి లాక్ ఎందుకని ఒక సహోద్యోగి అడిగారు. అదే కనెక్షన్‌పై చదివే థ్రెడ్‌కు పక్క థ్రెడ్ ఇంకా కమిట్ చేయని ధర కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత అది రోల్‌బ్యాక్ అయితే, లేని ధరను వినియోగదారుడికి చూపినట్లే. ఆ ఉదాహరణనూ చేర్చాను. థ్రెడ్‌సేఫ్టీ 3 కాకపోతే ప్రోగ్రామ్ మొదలుకాకుండా ఆగిపోయే తనిఖీని కూడా కోడ్‌లో పెట్టించాను.