వాన పడింది, రోడ్డు మూశారు

కాటి తాండా–లేక్ ఐర్‌కు నీళ్లొస్తున్నాయని వార్తల్లో చూసినప్పటి నుంచీ నాకు ఒకటే యావ. సముద్రమట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన, ఆస్ట్రేలియా మొత్తమ్మీద అన్నిటికంటే పల్లంలో ఉండే సరస్సు అది. మామూలు రోజుల్లో ఉత్త ఉప్పు మేట. పూర్తిగా నిండడం ఎప్పుడోగానీ జరగదు. 2025 మార్చిలో క్వీన్స్‌లాండ్ పడమటి వైపు కుంభవృష్టి కురిస్తే, ఆ వరద డయామంటినా, వార్‌బర్టన్ నదుల వెంట వారాల తరబడి పాక్కుంటూ ఇక్కడికి చేరింది.

"నీళ్లు చూడ్డానికి అంత దూరమా? గ్లెనెల్గ్‌కి ట్రామెక్కితే సముద్రమే ఉంది కదండీ" అంది మా ఆవిడ. సరస్సు వైపు వెళ్లాలంటే ముందు చేరాల్సిన మారీ ఊరే అడిలైడ్ నుంచి 600 కిలోమీటర్ల పైమాట మరి.

దూరం సంగతి సరే, నన్ను ఏడిపించింది అద్దె కారు. మట్టి రోడ్డెక్కితే ఇన్సూరెన్స్ చెల్లదట. చెల్లే ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలంటే అద్దె చుక్కల్లో ఉంది, పైగా టైరు చిరిగినా అద్దం పగిలినా మన నెత్తి మీదే. తిట్టుకుంటూనే బుక్ చేశాను. మారీ నుంచి ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీద విలియం క్రీక్ ఊరు, దారిలో సరస్సు దక్షిణపు ఒడ్డు. ఇదీ ప్లాన్.

పోర్ట్ ఆగస్టా దాటాక పెద్ద ఊరన్నది లేదు. కోప్లీలో క్వాండాంగ్ అనే అక్కడి అడవి పళ్లు పెట్టి కాల్చిన 'పై' తిన్నాం, పుల్లగా బాగుంది. చీకటి పడేలోపు మారీ చేరాం.

ఆ రాత్రి రేకుల మీద కాసేపు చిటపటలు వినిపించాయి. మన దగ్గరైతే దాన్ని వాన అని కూడా అనరు. పొద్దున ఊరి చివర బోర్డు దగ్గరికెళ్తే ఊడ్నడాటా ట్రాక్‌కీ, బర్డ్స్‌విల్ ట్రాక్‌కీ ఎదురుగా 'క్లోజ్డ్' పలకలే. కాదని వెళ్తే జరిమానా. నాలుగడుగులు వేసి చూశాను. ఎర్రమట్టి బూట్లకు పట్టేసి, ఒక్కో కాలు ఇటుక కట్టినంత బరువెక్కింది. బండి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

చేసేది లేక ఊళ్లో 1883లో కట్టిన రాతి హోటల్లో కూర్చున్నాం. శాకాహారమంటే చిప్సూ, సలాడే. ధర మాత్రం నగరంలో బిర్యానీది. పక్క టేబుల్ పెద్దాయన ఒకప్పుడు రైల్వేలో చేశారట. 1980లో మారీ నుంచి ఉత్తరానికి వెళ్లే రైళ్లు ఆగిపోయినా ఆయన మాత్రం ఊరు వదల్లేదు. నా మొహం చూసి నవ్వి, "ఇక్కడ పడే వాన సరస్సుకి చాలదు, రోడ్డు పాడుచెయ్యడానికి చాలు" అన్నారు.

నాకు మా అనంతపురం గుర్తొచ్చింది. మాకు చినుకు లేకపోయినా శివమొగ్గ వైపు గట్టిగా పడిందంటే నాన్న పొద్దున్నే పేపర్లో తుంగభద్ర డ్యామ్ మట్టం చూసేవాడు, మా వైపొచ్చే హెచ్చెల్సీ కాలువకి నీళ్లొదుల్తారని. ఎక్కడో కురిసిన వాన కోసం ఎండలో కూర్చుని ఎదురుచూడడం మాకేం కొత్త?

పెద్దాయన మాటల్లోనే ఒంటెల సంగతి వచ్చింది. రైలు లేని రోజుల్లో ఇక్కడి సరుకంతా ఒంటెల మీదే నడిచింది. వాటిని తోలినవాళ్లలో పెషావర్, బలూచిస్తాన్, సింధ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. అందర్నీ కలిపి 'అఫ్గాన్లు' అనేశారు. వాళ్ల మట్టి మసీదుకు గుర్తుగా కట్టిన చిన్న గుడిసెను ఆ మధ్యాహ్నం చూశాం.

చివరికి చిన్న విమానమెక్కాం. మనిషికి వందల డాలర్లు. మా ఆవిడ టికెట్ కేసి చూసి మాట్లాడలేదు. పైనుంచి మొదట అంతా తెలుపే, ఏది ఉప్పో ఏది నీరో తెలీలేదు. మబ్బు నీడ కదిలితే గానీ నీళ్లని పోల్చుకోలేకపోయాను. కాస్త ముందుకెళ్లాక గులాబీ రంగు, ఆపైన పాలు కలిపిన ఆకుపచ్చ. బారుగా తెల్ల చుక్కలు కనిపిస్తే పెలికాన్లన్నాడు పైలట్. ఒడ్డున నిల్చుంటే ఇందులో పదో వంతు కూడా కనిపించదట.

వెళ్లాలనుకునేవాళ్లు విమానం సీటు ముందే చెప్పిపెట్టుకోండి, రోడ్డు మూసినప్పుడు అందరూ అక్కడికే పరిగెత్తుతారు. సరస్సు అక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకు పవిత్రం. మేట మీద నడవొద్దని వాళ్లు కోరుతున్నారు, కాబట్టి బూట్లతో దిగి ఫోటోలు తీసుకునే ఆలోచన మానేయండి. ఫోర్‌వీల్ డ్రైవ్ మాత్రం రోడ్డు రిపోర్టు చూశాకే బుక్ చెయ్యండి. మాది తారు రోడ్డు మీద వెళ్లి తారు రోడ్డు మీదే తిరిగొచ్చింది.