ఈజిప్టు వాళ్ళందరూ చచ్చిపోయారా అమ్మా?

లండన్‌లో దిగిన మర్నాడే పిల్లల్ని సరాసరి మమ్మీల గదికి తీసుకెళ్ళడం నేను చేసిన తప్పు. బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళి అవి చూడకపోతే ఎలా అనుకున్నాను. పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు. అద్దాల పెట్టెల్లో గుడ్డలు చుట్టి పడుకోబెట్టిన మనుషుల్ని చూడగానే వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. పాప ఏడవలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, చాలాసేపటికి, "ఈజిప్టు వాళ్ళందరూ చచ్చిపోయారా అమ్మా?" అంది.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. పది కోట్లకు పైగా మనుషులున్న దేశం అది. దాని గురించి చెబుదామని తీసుకొచ్చి, అక్కడ బతికున్నవాళ్ళే లేరని అనిపించేలా చేశాను.

ఆ సాయంత్రమే ఈజిప్టు భోజనం దొరికే చిన్న హోటల్ ఒకటి వెతుక్కుని వెళ్ళాం. కుషరీ తెప్పించాం. అన్నం, లెంటిల్స్, మకరోనీ కలిపి, మీద శనగలు, టమాటా సాస్, ఆపైన కరకరలాడేలా వేయించిన ఉల్లిపాయలు. కైరో వీధుల్లో రోజూ అమ్మే తిండి ఇది. బాబు ఉల్లిపాయలు మాత్రం ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాడు, మిగతాది ముట్టలేదు. నేనూ తినమని బతిమాలలేదు. కొత్త తిండి దగ్గర మాకు ఉన్న నియమం ఒక్కటే: "నాకొద్దు" అనొచ్చు, "ఛీ" అనకూడదు. ఎవరో ఇష్టంగా తినేదాన్ని ఛీ అంటే ఆ మనుషుల్ని అన్నట్టే.

వడ్డిస్తున్న పెద్దాయనది కైరో. రొట్టె తెచ్చి పెడుతుంటే, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారని పాప అడిగింది. "ఐష్" అన్నారాయన. ఈజిప్టు వాళ్ళ అరబిక్‌లో రొట్టెకి ఆ పేరు. ఆ మాటకి బతుకు అని అర్థం. తెల్లారేదాకా బాబు నోట్లో అదే మాట.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఆ మ్యూజియంలో మామూలుగా చూడ్డానికి టికెట్ లేదు కాబట్టి, డబ్బులు పోతాయన్న టెన్షన్ లేకుండా రోజుకో గంట చూసి వచ్చేయొచ్చు. నాలుగేళ్ళవాడికి ఆ గంట కూడా ఎక్కువే. ఈసారి 61వ గది ఒక్కటే అనుకున్నాం. క్రీస్తుపూర్వం 1350 ప్రాంతంలో నెబామున్ అనే లెక్కల అధికారి సమాధి గోడల మీద వేసిన బొమ్మలు అక్కడున్నాయి. ఒక బొమ్మలో ఆయన పడవ మీద నిలబడి పక్షుల్ని వేటాడుతుంటాడు. పాపని ఎత్తుకుని దగ్గరగా చూపించాను. ముందు పిల్లి కనబడింది. పాపిరస్ అనే రెల్లులాంటి మొక్కల దుబ్బులో నోట ఒక పిట్ట, పంజాల్లో ఇంకా పిట్టలు. దాని కంటికి అద్దిన బంగారు రేకు ఇంకా ఉంది. తర్వాత పాప మెల్లగా, "అమ్మా, వాళ్ళ పాప చూడు" అంది. నెబామున్ కాళ్ళ మధ్య కూర్చుని, నాన్న కాలు చేత్తో పట్టుకున్న చిన్నపిల్ల. అంతకుముందు రోజు మమ్మీల దగ్గర నేను పిల్లలకి చూపించకుండా వదిలేసింది ఇలాంటి బతికున్న మనుషుల్నే! ఆ చేతినే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అదే గదిలో సమాధుల్లో దొరికిన రొట్టె కూడా ఉంది, మూడు వేల ఏళ్ళు దాటినది. ఎండి గట్టిపడి రాయిలా ఉంది. బాబు అద్దానికి ముక్కు ఆనించి "ఐష్!" అని అరిచాడు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. నేను వాణ్ణి ఆపలేదు.

అదే మ్యూజియంలో మెక్సికో గది వంతు వచ్చేసరికి ముందు తిండి, తర్వాతే మ్యూజియం అని ఖాయం చేసుకున్నాం. టోర్టియాలనే మొక్కజొన్న రొట్టెలు తింటూ, టమాటా అన్నది ఒకప్పుడు మెక్సికోని ఏలిన అజ్టెక్‌ల భాష నహువాట్ల్‌లోని 'టొమట్ల్' నుంచి వచ్చిన మాటని, ఆ భాష ఇప్పటికీ పది లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారని చెప్పాను. "అయితే వాళ్ళ మాట నాకూ ఒకటి వచ్చు" అంది పాప.

ఆ తర్వాత 27వ గదిలో రెండు తలల పాముని చూశాం. చెక్క మీద టర్క్వాయిజ్ అనే నీలాకుపచ్చ రాయి చిన్న చిన్న ముక్కలు అతికించి చేసింది. నోటి ఎరుపూ, పళ్ళ తెలుపూ సముద్రపు గవ్వలవి. బాబు పళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో తల దగ్గర తప్పిపోయి, మళ్ళీ మొదటికొచ్చాడు.

గంట అయిపోయింది. వెళ్దాం రా అంటే కదలడు. రొట్టెకి టాటా చెప్పలేదట. వాణ్ణి చంకనేసుకుని పై అంతస్తుకి మళ్ళీ మెట్లెక్కాను.