110 యాక్సిల్ సరిపోలేదు, 113 తెప్పిస్తున్నా

నిన్న సాయంత్రం సైకిల్ మీద చించినాడ బ్రిడ్జి ఎక్కుతూ సీటు మీంచి లేచి తొక్కానో లేదో, మళ్లీ అదే చప్పుడు. చర్... చర్... కుడి పెడల్ దిగిన ప్రతిసారీ. రాజోలు నుంచి దిండి దాకా చదును రోడ్డు మీద మాత్రం కిక్కురుమనలేదు. మూడు వారాలుగా ఇదే తంతు, నిజంగా చిరాకేస్తోంది.

మూడు రింగుల పాత క్రాంక్‌సెట్ (పెడల్ చేతులు, చైన్ తిప్పే పళ్ల చక్రాలు) తీసేసి 40 పళ్ల సింగిల్ రింగు పెట్టాను. మన కోనసీమలో బ్రిడ్జిలు, గట్టు ర్యాంపులు తప్ప ఎక్కుడు ఎక్కడుంది? యాక్సిల్ కూర్చునే ఫ్రేమ్ గొట్టం, అంటే షెల్, 68 మి.మీ., ఇంగ్లిష్ థ్రెడ్ (ఒక మర రకం). తుప్పు పట్టిన పాత బేరింగు కప్పులు కిరోసిన్ పోసి ఒక రాత్రి వదిలేస్తే వచ్చేశాయి.

రెండు క్రాంక్‌లను కలిపే పాత యాక్సిల్ పొడవు 122.5 మి.మీ. దాని మీదే కొత్త క్రాంక్ బిగించి కొలిచాను. సీటు ట్యూబు అంచు నుంచి పంటికి 37.7, ట్యూబులో సగం 14.3, మొత్తం చైన్‌లైన్ (ఫ్రేమ్ నడుమ నుంచి చైన్ దాకా దూరం) 52. వెనక 8 స్పీడ్ క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల గుత్తి) మధ్య 46 దగ్గరుంది, ముందుది కూడా దానికి దగ్గరగా రావాలి. యాక్సిల్ ఎంత తగ్గినా ఒక్కో వైపు సగమే తగ్గుతుంది కాబట్టి 110 యాక్సిల్ ఉన్న షిమానో యూఎన్300 బేరింగు కార్ట్రిడ్జి తెప్పించాను. ఈ ఉప్పుగాలికి, కాలవ బురదకి విడి బాల్స్ కప్పులకంటే సీల్డ్ కార్ట్రిడ్జే నయమని నా గట్టి నమ్మకం.

మొదటిసారి బిగించాక చైన్‌లైన్ 45.8, చైన్‌స్టేకి (వెనక చక్రం వైపు వెళ్లే ఫ్రేమ్ గొట్టం) పంటికి మధ్య సందు 2.0. లెక్క కుదిరిందని సంబరపడ్డాను. చప్పుడు వచ్చిందని ఊడదీసి మళ్లీ బిగిస్తే సందు 1.5. మూడోసారికి 1.2. ప్రతిసారీ టార్క్ 40 న్యూటన్ మీటర్లే. అంటే అల్యూమినియం క్రాంక్ నలుపలకల టేపర్ (యాక్సిల్ చివర సన్నబడే భాగం) మీద ఒక్కోసారి ఇంకాస్త లోపలికి పాకుతోంది. ఐఎస్ఓ, జేఐఎస్ (టేపర్ కొలతల రెండు ప్రమాణాలు) తేడా ఏమోనని కూడా చూశాను. ఐఎస్ఓ క్రాంక్ జేఐఎస్ యాక్సిల్ మీద బయటికి నిలబడుతుంది, లోపలికి పోదు. కాబట్టి అది కాదు.

పళ్లు తగిలే చోటు పట్టుకోవడానికి చైన్‌స్టే మీద నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి బ్రిడ్జి ఎక్కి దిగాను. విప్పి చూస్తే కుట్టుమిషన్ సూది పడ్డట్టు వరసగా సన్నటి గాట్లు, ఒకటిన్నర అంగుళం పొడవునా. నిలబడి బరువేసినప్పుడు ఫ్రేమ్, క్రాంక్ కలిసి 1.2 మి.మీ. పైనే వంగుతున్నాయన్నమాట. ఈ పాత స్టీలు ఫ్రేమ్ కొంచెం మెత్తనే.

కుడి కప్పు కింద 1 మి.మీ. వాషర్ వేసి చూశాను. సందు 2.2 అయింది, గాట్లు బాగా తగ్గాయి కానీ రెండు మూడు పడ్డాయి. పైగా ఎడమ క్రాంక్ అంతే లోపలికి పోయింది, కుడి కప్పుకి థ్రెడ్ పట్టు కూడా తగ్గింది. నాకు నచ్చలేదు, తీసేశాను.

113 అయితే చైన్‌లైన్ 47.25 రావాలి, సందు మూడున్నర దాకా. టేపర్ మీద కాస్త పాకినా రెండున్నర మిగులుతుంది. క్యాసెట్ మధ్యకి 1 మి.మీ. పైచిలుకు తేడా 8 స్పీడ్‌కి లెక్కే కాదు. ఈసారి మాటిమాటికీ ఊడదీయను.

అది కుదిరితే చించినాడ, పాలకొల్లు మీదుగా నర్సాపురం వెళ్లి, రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి ఇంటికి రావాలని ఉంది. టేపు మాత్రం చైన్‌స్టే మీదే ఉంచుతాను.